ఏడేళ్లుగా నా క్లాసులో ఫెట్

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఏడేళ్లుగా క్లాసులో ఫెట్ సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, వాడుతున్నాను. అమెరికాలోని కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయం నడిపే ఉచిత సైట్ ఇది. 2001లో నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాదే దీన్ని మొదలుపెట్టారు. ఫిజిక్స్‌తో మొదలై కెమిస్ట్రీ, లెక్కలు, బయాలజీ దాకా వచ్చింది. అందులో ఎన్ని పాఠాలున్నాయన్నది పక్కన పెడితే, తెర తెరవగానే పిల్లలు బెదిరిపోకపోవడం నాకు అన్నిటికంటే నచ్చింది.

దీనికి ముందు డబ్బు కట్టి ఒక లెర్నింగ్ యాప్ తీసుకున్నాం. పాఠాలు చెడ్డవేం కావు. కానీ తెరిస్తే చాలు, పైన కదిలే బ్యానర్, పక్కన ర్యాంకుల పట్టిక, కింద వరసగా వీడియోలు, మూలన పరిగెత్తే టైమర్. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు మౌస్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ‘ఏమైంది నాన్నా?’ అంటే, ‘ఏది నొక్కాలి టీచర్? తప్పు నొక్కితే ఏమన్నా అవుతుందా?’ అన్నాడు. పాఠం ఇంకా మొదలే కాలేదు, వాడికి అప్పుడే టెన్షన్. ఆ తర్వాత ఏ సైట్ చూసినా నేను ముందు ఆ అబ్బాయి కళ్లతోనే చూస్తున్నాను.

ఫెట్‌లో నేను ఎక్కువగా వాడేది డీసీ సర్క్యూట్ కిట్. తెరిస్తే మధ్యలో అంతా ఖాళీ. ఎడమ పక్క చిన్న పెట్టెలో తీగ, బ్యాటరీ, బల్బు ఇంకా కొన్ని వస్తువులు. ‘ఇలా చేయండి’ అని ఒక్క వాక్యం కూడా ఉండదు. మొదటిసారి చూపించినప్పుడు ఒక అమ్మాయిని ముందుకు పిలిచి, ‘బల్బు వెలిగించమ్మా’ అని వెనక్కి వచ్చి నిలబడ్డాను. తను బ్యాటరీని లాగింది. తీగను లాగి బ్యాటరీ దగ్గరికి తెచ్చేసరికి చివరలు వాటంతటవే అతుక్కున్నాయి. బల్బుకు ఒక్క తీగే కలిపి ఆగింది. వెలగలేదు. తెర మీద ‘తప్పు’ అని రాలేదు, ఎర్ర గుర్తు పడలేదు, మార్కులు పోలేదు. కాసేపు చూసి ఇంకో తీగ తీసుకుంది. రెండో చివర కలవగానే బల్బు వెలిగింది, తీగల్లో నీలం చుక్కలు కదిలాయి. క్లాసంతా ‘ఓ’ అంది.

తర్వాత ఉత్సాహం ఎక్కువై బ్యాటరీ రెండు చివరలనూ ఒకే తీగతో కలిపేసింది. బ్యాటరీ మీద మంటలు! భయపడి చెయ్యి తీసేసింది. నేను కిందున్న నారింజ రంగు గుండ్రటి బటన్ చూపించాను. నొక్కితే అంతా మొదటికి వచ్చేస్తుంది. ఇక అప్పట్నుంచి పిల్లలకి భయం పోయింది. చెడిపోయినా బాగుచేసుకోవచ్చని తెలిస్తే చాలు, పిల్లలు ఎంత ధైర్యంగా ప్రయత్నిస్తారో కళ్లారా చూశాను. షార్ట్ సర్క్యూట్ గురించి నేను బోర్డు మీద ఎంత రాసినా అంతగా ఎక్కేది కాదు.

ఆ నీలం చుక్కల వల్ల ఇంకో మేలు జరిగింది. కరెంటు బ్యాటరీలోంచి బయల్దేరి, నడుచుకుంటూ వెళ్లి బల్బును చేరుతుందని పిల్లలు అనుకుంటారు. కానీ సర్క్యూట్ పూర్తయిన క్షణంలోనే తీగ పొడవునా చుక్కలన్నీ ఒక్కసారిగా కదులుతాయి. ఎలక్ట్రాన్లు తీగలో ముందే ఉన్నాయన్న సంగతి నోటితో చెప్పకుండానే అర్థమవుతుంది. పదో తరగతికి వచ్చాక పక్కనే ఉన్న ఇంకో గుర్తు నొక్కి, సాంప్రదాయ విద్యుత్ దిశ, అంటే ప్లస్ నుంచి మైనస్ వైపు అని పుస్తకాల్లో చూపే దిశ, ఈ చుక్కలకు ఎదురుగా ఉంటుందని చూపిస్తాను. ఏడో తరగతికి ఆ ఊసే ఎత్తను.

పరమాణువు నిర్మాణం పాఠంలోనూ ఇదే పద్ధతి. ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లు మూడు గిన్నెల్లో ఉంటాయి. ద్రవ్యరాశి సంఖ్య, ఆవేశం వంటివి ముడుచుకున్న పెట్టెల్లో ఉంటాయి, ప్లస్ గుర్తు నొక్కితేనే తెరుచుకుంటాయి. స్థిరత్వం గడిలో టిక్ పెట్టి, న్యూట్రాన్ లేకుండా రెండు ప్రోటాన్లు కలిపితే కేంద్రకం వణుకుతుంది. ‘ఎందుకు వణుకుతోంది టీచర్?’ అని వాళ్లే అడుగుతారు. విస్తట్లో పప్పు, కూర, పులుసు, పెరుగు అన్నీ ఒకేసారి పోసేస్తే ఏదీ రుచించదు కదా. ఫెట్ తయారుచేసేవాళ్లు వరస తెలిసి వడ్డిస్తారు.

ఇదంతా దానంతటదే కుదరలేదు. ఒక్కో సిమ్యులేషన్‌నూ తయారయ్యేటప్పుడే విద్యార్థుల ముందు పెట్టి, మనసులో అనుకునేదంతా పైకి చెబుతూ వాడమంటారు. ఎక్కడ ఆగిపోయారో, దేన్ని అపార్థం చేసుకున్నారో చూసి మారుస్తారు. మన దగ్గర ఎడ్యుకేషన్ సైట్లు కట్టేవాళ్లు ఈ ఒక్క పని చేస్తే ఎంత బాగుంటుంది! పేజీ మీద ఇంకేం పెడదామని ఆఫీసులో చర్చించుకునే బదులు, ఒక ఆరో తరగతి పిల్లను కూర్చోబెట్టి పది నిమిషాలు నోరు మూసుకుని చూస్తే చాలు.

వాడాలనుకునే టీచర్లకు కొన్ని మాటలు. తెలుగు అనువాదాలు ఉన్నాయి గానీ అన్నిటికీ లేవు. తెరమీద అక్షరాలు తక్కువ కాబట్టి ఇంగ్లిష్‌లో ఉన్నా పెద్దగా ఇబ్బంది పడరు. ఫోన్ కంటే పెద్ద తెర మీద చాలా బాగుంటుంది. నెట్ నమ్మకం లేని బడుల్లో ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. మొదటి ఐదు, పది నిమిషాలు ఏమీ చెప్పకుండా వదిలేయండి. ఆ తర్వాత మాత్రం ఒక ప్రశ్న చేతిలో ఉండాలి. ‘బల్బు ఇంకా ఎక్కువగా వెలగాలంటే ఏం చేస్తారు?’ లాంటిది. అది లేకపోతే పీరియడ్ అంతా మంటలు పెట్టుకుంటూనే గడిపేస్తారు.

అసలు వస్తువులకు మాత్రం ఇది బదులు కాదు. తెర మీద బల్బు వెలిగించిన మర్నాడు నేను రెండు సెల్లులు, టార్చి బల్బు, రాగి తీగ తెచ్చాను. అదే అమ్మాయి కలిపింది, వెలగలేదు. నా వైపు చూడలేదు. తీగ వెంటే వేలు పెట్టుకుంటూ వెళ్లి హోల్డర్ దగ్గర ఆగింది. ‘ఇక్కడ తుప్పు పట్టింది టీచర్, బ్లేడు ఉందా?’ అంది.