ఫ్రాంకెన్‌స్టైన్: 1818దా, 1831దా?

మేరీ షెల్లీ పద్దెనిమిదేళ్లకే మొదలుపెట్టిన నవల ఇది, తలుచుకుంటే ఇప్పటికీ నోరెళ్లబెడతా. దీనికి రెండు ఎడిషన్లున్నాయి, 1818లో మొదట వచ్చిందీ, 1831లో దిద్ది వేసిందీ. ఏది చదవాలంటే:

ఖర్చు: రెండూ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఈ-పుస్తకాల సైట్‌లో ఫ్రీనే.

1818: పేరు లేకుండా 500 కాపీలు, ముందుమాట కూడా మొగుడిదే. రాక్షసుణ్ణి తయారుచేసిన కథానాయకుడు విక్టర్ చేసిందంతా తన చేజేతులా చేసుకున్నదే అనిపిస్తుంది, అతను పెళ్లాడే ఎలిజబెత్ అతనికి మేనత్త కూతురు (అంటే మన లెక్కలో మరదలే కదా, అక్కడ నాకు నవ్వొచ్చింది).

1831: మేరీనే దిద్దింది, ఎలిజబెత్ పెంచుకున్న పిల్ల అయిపోయింది, ప్రతిదానికీ తలరాత అంటాడు విక్టర్, అది నాకు కొంచెం విసుగే, కానీ 1816లో జెనీవా దగ్గర వానల్లో ఇరుక్కుపోయి స్నేహితులతో దెయ్యం కథల పందెం వేసుకుంటే ఈ నవల పుట్టిన సంగతి ఆవిడ మాటల్లోనే ఉంటుంది.

రిస్క్: కొన్ని కాపీల మీద ఏ ఎడిషనో రాయరు, ఎలిజబెత్ ఎవరో చూస్తే తెలిసిపోద్ది.

మొదటిసారైతే 1818. రాసినావిడ గురించి తెలియాలంటే 1831.