కొండ గేటు దగ్గర టికెట్ ఎవరు కొట్టాలి? ఏది మేలు?

కార్తీక మాసం వచ్చిందంటే బెజవాడ, గుంటూరు నుంచి శనివారం రాత్రికే కార్లు కొండల దారి పడతాయి. ఓపిక ఉన్నవాళ్లు మారేడుమిల్లికో, వంజంగికో, అరకుకో పోతారు. లేనివాళ్లకు కొండపల్లి, కొండవీడు ఉండనే ఉన్నాయి. తీరా వెళ్లేసరికి కొన్నిచోట్ల దారికి అడ్డంగా ఒక వెదురు బొంగు, దాని పక్కన నలుగురు కుర్రాళ్లు కనిపిస్తారు. పార్కింగ్ ఫీజు కట్టమని ఒకరంటే, కింద తీసుకున్న రసీదు ఇక్కడ చెల్లదని ఇంకొకరంటారు. గొడవ ముదిరిన రోజైతే అసలు పైకే పంపరు. ఆఫీసర్లతో వాళ్ల పంచాయితీ తేలేదాకా ఆగాల్సిందే. కారులో పిల్లల ఏడుపు, పెద్దవాళ్లకు టెన్షన్. మన నోట వచ్చే మొదటి మాట "దోపిడీ".

అది దోపిడీయో కాదో చెప్పాలంటే ఆ గేటు ఎవరి చేతిలో ఉందో చూడాలి. మన రాష్ట్రంలో కొండలు, అడవులు చూపించే పద్ధతులు ముఖ్యంగా మూడు: అటవీ శాఖే నడిపేది, ఊరి కమిటీ నడిపేది, టూరిజం సంస్థో కాంట్రాక్టరో నడిపేది. గొడవ వచ్చినప్పుడు నాలుగోది బయటికొస్తుంది, మూసెయ్యడం.

అటవీ శాఖ పద్ధతికి నల్లమలే పెద్ద ఉదాహరణ. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో రాత్రి తొమ్మిది దాటితే బండ్లు వదలరు. సఫారీకి శాఖ బండ్లే ఎక్కాలి. ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి సొంత కారులో పోతామంటే కుదరదు. ఇదంతా చిరాకుగా ఉన్నా, పులులు తిరిగే చోట ఎన్ని బండ్లు లోపలికి పోవాలో ఒకరు గట్టిగా చెప్పి తీరాలి. ఆ పని ఊరి కమిటీ వల్ల కాదు, కాంట్రాక్టరు చెయ్యడు. ఈ ఒక్క విషయంలో అటవీ శాఖకే నా ఓటు.

ఇబ్బంది ఇంకోచోట ఉంది. శ్రీశైలం మల్లన్నను చెంచు మల్లన్న అని కూడా పిలుస్తారు. ఆ అడవిలో తరాలుగా తేనె తీసి బతికిన చెంచులు ఇప్పుడు అదే అడవికి కూలి మీద కాపలా కాస్తున్నారు. గైడ్ ఉద్యోగమో, వాచర్ ఉద్యోగమో దొరికితే మంచిదే. కానీ ఎంతమందిని పంపాలి, ఏ దారిన పంపాలి అనే మాట దగ్గర వాళ్లను అడిగేవాళ్లు తక్కువ. అడగని చోటే రోడ్డు మీదకు బొంగు వస్తుంది. శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు మీదుగా భీముని కొలను దిగి శ్రీశైలం నడిచే భక్తులను అదే అటవీ శాఖ ఏటా దారి వదిలి పంపిస్తుంది. రూలును సందర్భానికి తగ్గట్టు సడలించడం వాళ్లకూ తెలుసు. భక్తుల కోసం సడలే రూలు గూడెం వాళ్ల కోసం ఎందుకు సడలదన్నది చెంచుల ప్రశ్న. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఇక మారేడుమిల్లి. రంపచోడవరం దాటాక ఘాట్ మొదలయ్యే ముందు వచ్చే ఈ ఊరు బొంగు చికెన్‌తో పేరు తెచ్చుకుంది గానీ, నాకు నచ్చింది అక్కడి ఏర్పాటు. అటవీ శాఖ వెనక నిలబడితే, ముందు నిలబడి నడిపేది వన సంరక్షణ సమితులు, అంటే అడవి పక్క ఊళ్లవాళ్ల కమిటీలు. వలమూరు దగ్గర జంగిల్ స్టార్ క్యాంపులో వంట చేసేవాళ్లు, గది చూపించేవాళ్లు, వాగు దాకా తీసుకెళ్లేవాళ్లు ఆ చుట్టుపక్కల గిరిజనులే. మనం ఇచ్చిన డబ్బు సాయంత్రానికి ఆ గూడెంలోనే తిరుగుతుంది. అలాంటి చోట రోడ్డుకు బొంగు అడ్డం పెట్టాలని ఎవరికీ అనిపించదు. పెడితే నష్టం వాళ్లకే.

అలాగని ఊరి చేతిలో పెడితే అన్నీ సర్దుకుంటాయని అనుకోవద్దు. ఇలాంటి కమిటీలకు వచ్చే జబ్బులు రెండు. మొదటిది లెక్కలు. రసీదు పుస్తకం ఒకరి దగ్గర, డబ్బు ఇంకొకరి దగ్గర ఉంటుంది. ఏడాది తిరిగేసరికి కమిటీలో రెండు వర్గాలు తయారవుతాయి. రెండోది ఇంకా పెద్దది. కొండ ఒక ఊరిదైతే దాని దారి ఇంకో ఊరి మీదుగా ఉంటుంది. కొండ ఊరికి టికెట్ డబ్బు వస్తుంది, దారి ఊరికి దుమ్మొస్తుంది. పేపర్లో "టూరిస్టులను అడ్డుకున్న గ్రామస్థులు" అని చదివి, గ్రామానికీ ప్రభుత్వానికీ గొడవ అనుకుంటాం గానీ, గొడవ రెండు గ్రామాల మధ్య కూడా ఉండొచ్చు. కమిటీ వేసేటప్పుడే దారి ఊరినీ అందులో కూర్చోబెడితే సగం తలనొప్పి తప్పుతుంది.

ఊరు అన్నదల్లా ఒప్పని కూడా నేను అనను. కేరళలో అగస్త్యకూడం కొండ మీదికి ఆడవాళ్లు ఎక్కకూడదని అక్కడి కాణి తెగవాళ్లు పట్టుబట్టారు. హైకోర్టు కుదరదంది. 2019 జనవరిలో వాళ్లు నిరసన తెలుపుతుండగానే ఆడవాళ్ల ట్రెక్ మొదలైంది. ఆ విషయంలో కోర్టే కరెక్టని నా అభిప్రాయం.

టూరిజం సంస్థ లేదా కాంట్రాక్టరు పద్ధతి గురించి చెప్పడానికి అంత లేదు. లైట్లు, మెట్లు, టాయిలెట్లు, ఆన్‌లైన్ టికెట్, అన్నీ బాగుంటాయి. బొర్రా గుహల్లోకి వెళ్తే ఆ తేడా తెలుస్తుంది. ముసలివాళ్లను తీసుకెళ్లాలంటే ఇలాంటి చోటుకే వెళ్లగలం. అయితే బొర్రా ఉన్నది అనంతగిరి మండలంలో, అంటే గిరిజనుల కోసం ప్రత్యేక చట్టాలున్న షెడ్యూల్డ్ ప్రాంతంలో. అక్కడ 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ కాదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఈ బొర్రా వైపు మైనింగ్ లీజుల కేసులోనిదే. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల అభివృద్ధికి పక్కన పెట్టాలని ఆ తీర్పులో ఉంది. అది గనుల గురించి చెప్పిన మాట, గుహల టికెట్ గురించి కాదు. అయినా కొండ మీద సంపాదించేవాడు కొండ కింద ఉన్నవాడికి వాటా ఇవ్వాలన్న న్యాయం టికెట్‌కు మాత్రం వర్తించదా?

అసలు టికెట్ వాటా చుట్టూనే మాట్లాడితే అసలు లెక్క తప్పిపోతుంది. మన ట్రిప్పు ఖర్చు చూడండి. డీజిల్, రూము, తిండి పోగా గేటు టికెట్‌కు మిగిలేది చిల్లరే. దానిలో పావలా వాటా ఇచ్చినా ఊరి బతుకు మారదు. ఊరికి నిజంగా డబ్బొచ్చేది జీపు మీద, టీ కొట్టు మీద, భోజనం మీద. బొర్రా దగ్గర కటికి జలపాతానికి జీపు రేటు విని మనోళ్లు గింజుకుంటారు. నేనూ బేరం ఆడతాను. కానీ మొత్తం ట్రిప్పులో ఆ ఊరికి నేరుగా చేరేది ఆ జీపు డబ్బే. రేటు బోర్డు రాసి పెట్టి, ఎక్కువ అడిగితే ఎవరికి చెప్పాలో కింద నంబరు వేస్తే చాలు. బోర్డు లేని చోట మాత్రం సిటీవాళ్ల గింజులాట న్యాయమే.

మూసెయ్యడం గురించి ఒక మాట. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగాక పాపికొండల విహారం చాలా కాలం ఆగిపోయింది. ఆపక తప్పని పరిస్థితి. కానీ ఆ బోటు ఎవరిదో కూడా తెలియని పేరంటాలపల్లి కొండరెడ్లకు వెదురు బొమ్మల అమ్మకం పోయింది. కొండనో నదినో మొత్తంగా మూస్తే ఆ దెబ్బ ముందు తగిలేది ఇలాంటివాళ్లకే. ఆస్ట్రేలియాలో ఉలూరు అనే పెద్ద రాతి గుట్ట విషయంలో చేసింది నాకు తెలివైన పని అనిపిస్తుంది. 1985లో ఆ భూమి హక్కు అనంగు తెగవాళ్లకు తిరిగిచ్చారు. వాళ్లు దాన్ని పార్కుకు 99 ఏళ్ల లీజుకు ఇచ్చారు. ప్రవేశ రుసుములో 25 శాతం వాళ్లకు వెళ్తుంది, బోర్డులో వాళ్లదే మెజారిటీ. తమకు పవిత్రమైన ఆ రాతి గుట్ట ఎక్కొద్దని వాళ్లు ఎప్పటినుంచో అడిగితే, చివరకు 2019 అక్టోబరు 26న ఎక్కడం ఆపారు. పార్కు మాత్రం తెరిచే ఉంది. జనం గుట్ట చుట్టూ నడిచి చూసి వస్తున్నారు.

మరి మన ఇంటి పక్క కొండల సంగతి? కొండపల్లి, కొండవీడు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. 1/70 లేదు, గ్రామసభకు అధికారాలిచ్చే పెసా చట్టం లేదు. మన్యంలో గ్రామసభకు ఉన్నపాటి చట్టబలం కూడా ఇక్కడి ఊళ్లకు లేదు. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లకు తెల్లపొణికి కర్ర కావాలి. అది పెరిగేది ఆ కొండల్లోనే. కోట చూడ్డానికి వచ్చే జనానికీ, కర్ర కోసం అడవి వైపు చూసే బొమ్మల కాలనీకీ మధ్య ఒక లింకు వెయ్యొచ్చు. కోట టికెట్‌లో కొంత పొణికి మొక్కలకు పోతుందని గేటు దగ్గర రాసి పెడితే, అడిగిన డబ్బు ఇవ్వడానికి ఎవరూ గొణగరు.

కొండవీడులో సమస్య వేరు. ఘాట్ రోడ్డు వేశాక కారు నేరుగా పైకి పోతుంది. రెడ్డిరాజుల కోట చూసి, సెల్ఫీలు దిగి, అదే కారులో దిగి చిలకలూరిపేట హైవే ఎక్కేస్తాం. కింద ఊళ్లో టీ కూడా తాగం. ఇలాంటి చోట ఊరివాళ్లు ఏదో ఒక రోజు రోడ్డుకు అడ్డం వస్తే ఆశ్చర్యపోను.

కాబట్టి నా లెక్క ఇలా ఉంది. పులి తిరిగే చోట గేటు అటవీ శాఖ దగ్గరే ఉండాలి, లోపలి పనులన్నీ గూడేనికి ఇవ్వాలి. మన్యం కొండలకు మారేడుమిల్లి పద్ధతే మేలు, లెక్కలు మాత్రం ఏటా గ్రామసభలో చదవాలి. కొండవీడు లాంటి చోట టికెట్ ఎవరు కొట్టినా ఫరవాలేదు గానీ, గేటు కొండ కింద ఉండాలి. శని, ఆదివారాల్లో కార్లు అక్కడే ఆపి, పైకి ఊరి ఆటోల్లో పంపాలి. నడవలేని పెద్దవాళ్ల కార్లను వదిలెయ్యొచ్చు. దారి పొడవునా సీతాఫలాలు, మజ్జిగ, టిఫిన్లు అమ్ముకునే వీలు ఊరివాళ్లకు ఉంటుంది. మనకు పావుగంట ఆలస్యం, ఆటోకు కాస్త ఖర్చు. దీనికి ముందుగా అభ్యంతరం చెప్పేది గుంటూరు నుంచి వెళ్లే మనమే.