నాలుగో క్లాసు పిల్లలతో కుప్పళి: స్కూలు ట్రిప్‌కి పంపాలా అని అడిగినవాళ్ల కోసం

మా అబ్బాయి బెంగళూరులో నాలుగో క్లాసు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, రెండో భాష కన్నడ. డిసెంబరులో వాళ్ల స్కూలు వాళ్లు పిల్లల్ని కుప్పళి తీసుకెళ్లారు, కన్నడ కవి కువెంపు గారు పెరిగిన ఇల్లు చూపించడానికి. తోడుగా నలుగురు తల్లిదండ్రులు కావాలంటే నేనూ పేరిచ్చాను. మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ముగ్గురు అమ్మలు వాళ్ల పిల్లల్ని వచ్చే ఏడాది పంపాలా వద్దా అని అడుగుతున్నారు కాబట్టి అంతా ఒకేచోట రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. ఆ చోటుకి ఐదుకి ఐదు. మమ్మల్ని తీసుకెళ్లిన ట్రావెల్స్‌కి రెండే, ఆ రెండూ కూడా డ్రైవర్ అన్న జాగ్రత్తగా నడిపినందుకు.

కుప్పళి శివమొగ్గ జిల్లా తీర్థహళ్లి తాలూకాలో ఉంది. కువెంపు అంటే కుప్పళి వెంకటప్ప పుట్టప్ప. ఆయన 1904 డిసెంబరు 29న తల్లిగారి పుట్టింట్లో, హిరేకొడిగెలో పుట్టారు, పెరిగింది మాత్రం కుప్పళిలోని ఈ ఇంట్లో. దీన్ని ఇప్పుడు కవిమనె అంటారు, మ్యూజియంగా ఉంచారు. కవిగారి ఇల్లు అంటే నేను నాలుగు కుర్చీలు, ఒక రాతబల్ల, గోడలకి ఫోటోలు ఊహించుకున్నాను. అది కాదు. అది ఒక వ్యవసాయ కుటుంబం ఇల్లు. మధ్యలో ఆకాశం కనిపించే తొట్టి, చుట్టూ వసారా, బరువైన చెక్క స్తంభాలు, పైన పెంకులు. మన పల్లెటూళ్లలో మండువా లోగిలి చూసినవాళ్లకి గుమ్మం దాటగానే ఎక్కడో చూసిన ఇల్లులా అనిపిస్తుంది. నాకు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు. వంటింటి సామాను, వ్యవసాయ పనిముట్లు, కవిగారి వస్తువులు, పుస్తకాలు, అన్నీ ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నాయి. ఈ మనిషి పొలం పనుల మధ్య నుంచి, వానల మధ్య నుంచి వచ్చి రాశాడని ఎవరూ చెప్పక్కర్లేకుండా పిల్లలకే అర్థమవుతుంది.

ఇప్పుడు ట్రావెల్స్ సంగతి. మనిషికి 5,800 తీసుకున్నారు. శుక్రవారం రాత్రి రైలు, పొద్దున్నే శివమొగ్గలో దిగి బస్సు, ఆదివారం తిరుగు ప్రయాణం. ప్లాన్ కాగితం చూస్తే శనివారం ఒక్కరోజులో ఏనుగుల క్యాంపు, కవిమనె, కవిశైల, సాయంత్రం ఆగుంబెలో సూర్యాస్తమయం అని ఉంది. తొమ్మిదేళ్ల పిల్లలు, రాత్రంతా రైల్లో సరిగ్గా నిద్రపోలేదు, టిఫిన్ పదింటికి గాని పెట్టలేదు, అప్పటికే ఇద్దరికి బస్సులో వాంతులయ్యాయి. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. కవిమనెకి ఇచ్చింది యాభై నిమిషాలు. అందులో పిల్లల చేతికి ఒక వర్క్‌షీట్ ఇచ్చారు, కువెంపు పుట్టిన సంవత్సరం, జ్ఞానపీఠం వచ్చిన సంవత్సరం, ఖాళీలు పూరించండి. పిల్లలు తల పైకెత్తకుండా జవాబుల కోసం బోర్డులు వెతుక్కుంటూ గదుల్లోంచి గదుల్లోకి పరిగెత్తారు. ఆ ఇంట్లో నిలబడి ఆ ఇంటిని చూడని పిల్లల్ని చూస్తే నాకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

అక్కడ మమ్మల్ని కాపాడింది వాళ్ల కన్నడ మిస్. ఆవిడ అన్ని కాగితాలూ వెనక్కి తీసేసుకుని, ట్రావెల్స్ అబ్బాయితో గట్టిగా మాట్లాడి, ఆగుంబె వద్దు, మేము ఇక్కడే ఉంటాం అన్నారు. కొంతమంది పిల్లలు అలిగారు. అరగంటలో ఆ అలక ఎవరికీ గుర్తులేదు.

పిల్లల్ని వసారాలో కూర్చోబెట్టి కిందరిజోగి కథ మొదలుపెట్టారు. కువెంపు పిల్లల కోసం రాసిన గేయకథ అది, బ్రౌనింగ్ రాసిన ‘పైడ్ పైపర్’ అనే ఇంగ్లీషు కథని బొమ్మనహళ్లి అనే కన్నడ ఊళ్లోకి తెచ్చేశారు. ఎలుకలన్నీ జోగి వెంట పోయే చోట పిల్లలు ఒకరి వెనక ఒకరు వరుస కట్టి వసారా చుట్టూ నడిచారు. మ్యూజియం వాళ్లు ఏమంటారోనని నాకు టెన్షన్. అక్కడున్న పెద్దాయన ఏమీ అనలేదు, గుమ్మం పక్కన నిలబడి తనూ గొంతు కలిపారు, ఆయనకి మొత్తం నోటికి వచ్చు!

లోపలి వస్తువులు ముట్టుకోకూడదు, అది సరైనదే. చేతులతో చేసే పని మేము రాత్రి బస చేసిన వక్కతోటలో దొరికింది. డిసెంబరు అంటే వక్కలు కోసి ఒలిచే కాలం. ఆ ఇంటి అజ్జి కత్తిపీట లాంటి దానిమీద కూర్చుని ఒకే ఊపులో వక్క ఒలిచేస్తుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. కత్తి దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. ఒలిచినవి బుట్టల్లో మోయడం, ఉడికించినవాటిని తట్టీల మీద పరవడం మాత్రం పిల్లలే చేశారు. గొరబు అని ఒకటి ఉంటుంది, మలెనాడులో, అంటే ఈ కొండల ప్రాంతంలో, వానాకాలం పొలంలో వంగి పనిచేసేటప్పుడు తలమీంచి వీపు మీదికి వేసుకునేది. అది వేసుకోవడానికి క్యూ కట్టారు. తిరగలి తిప్పడానికి ఇద్దరిద్దరు కూర్చుని కూడా ఐదు నిమిషాల్లో అలిసిపోయారు. ఆ రాత్రి మిస్ ‘నేగిలయోగి’ పాట పాడించారు. నాగలి పట్టినవాడే యోగి అని కువెంపు రాసిన పాట, కర్ణాటకలో దాన్ని రైతుగీతంగా పాడతారు. మావాడు ఆ పాట స్కూల్ అసెంబ్లీలో ఎన్నోసార్లు పాడాడు. కానీ ఆ రాత్రి అరచేతులకి వక్క రంగు అంటుకుని, కడిగినా పోక, ఆ చేతులతోనే తాళం వేస్తూ పాడాడు. ఈ ట్రిప్‌కి పెట్టిన డబ్బంతా నాకు ఆ ఒక్క పాటకే చెల్లిపోయింది.

కవిశైల మర్నాడు పొద్దున వెళ్లాం. ఇంటి దగ్గరే ఉన్న గుట్ట. కువెంపు కూర్చుని రాసుకున్న బండలు, చుట్టూ నిలబెట్టిన పెద్ద పెద్ద రాళ్లు, మధ్యలో ఆయన సమాధి. 1994లో మైసూరులో పోయాక ఆయన్ని ఇక్కడికే తీసుకొచ్చారు. ఒక బండ మీద బి.ఎం.శ్రీ, టి.ఎస్.వెంకణ్ణయ్య, కువెంపు పేర్లు చెక్కి ఉన్నాయి. వెంకణ్ణయ్య ఆయన గురువు. శ్రీ రామాయణ దర్శనం కావ్యాన్ని కువెంపు ఆ గురువుకే అంకితం ఇచ్చారు. ఈ మాట మిస్ చెప్పగానే ఒక పాప ఆ బండ మీది అక్షరాల్ని వేలితో దిద్దింది, తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత అందరూ. మావాడికి కన్నడ అక్షరాలు రాసేటప్పుడు తలకట్టు దగ్గర ఎప్పుడూ తెలుగు కలిసిపోతుంది. రాతి మీద వేలు పెట్టి నెమ్మదిగా దిద్దుకుంటూ పోయి, ‘అమ్మా, సగం మనవే కదా’ అన్నాడు.

అక్కడే మిస్ ఇంకో విషయం చెప్పారు, అది ముఖ్యంగా మనలాంటి ఇళ్లవాళ్లు వినాలి. కువెంపు మొదట రాసింది ఇంగ్లీషులో. 1922లో ఇంగ్లీషు కవితల పుస్తకం కూడా వచ్చింది. ఐర్లండ్ నుంచి వచ్చిన జేమ్స్ కజిన్స్ అనే కవి వాటిని చూసి, నీ భాషలో రాయి నాయనా అని చెబితే అప్పుడు కన్నడకి మళ్లారు. తర్వాత పిల్లలందరికీ పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, వినిపించింది రాయమన్నారు, ఏ భాషలోనైనా సరే. సిరాలో ముంచి రాసే కలాలు కూడా తెచ్చారు. చొక్కాలన్నీ సిరా మరకలు. మావాడు తెలుగులో మూడు లైన్లు రాశాడు, తప్పులున్నాయి, అయినా నేను దిద్దలేదు.

మన తెలుగువాళ్లకి ఇంకో ముడి కూడా ఉంది. కన్నడానికి మొట్టమొదటి జ్ఞానపీఠం 1967కి గాను కువెంపు రామాయణానికి, తెలుగుకి మొట్టమొదటిది 1970కి గాను విశ్వనాథ వారి రామాయణ కల్పవృక్షానికి. రెండు భాషలకీ తొలి బహుమతి రామాయణానికే. తిరుగు రైల్లో ఇది చెబితే మావాడు విశ్వనాథ ఇల్లు ఎక్కడ అని మొదలుపెట్టి, పొలం దున్నుకున్న కవి మనకీ ఉన్నాడా అని అడిగాడు. పోతన గారి గురించి చెప్పాను. ‘ఆయన నాగలి ఉందా, చూడొచ్చా?’ అన్నాడు. ఆ కథలు మనం పద్యాల్లోనే చెప్పుకుంటాం, పిల్లాడు చేత్తో పట్టుకునేలా ఏం చూపించాలో నాకు వెంటనే తోచలేదు.

పంపాలనుకునేవాళ్లు స్కూల్లో కొన్ని గట్టిగా అడగండి. కవిమనెకీ కవిశైలకీ కలిపి కనీసం సగం రోజు ఇవ్వాలి, ఏనుగులూ జలపాతాలూ అదే రోజులో కుక్కకూడదు. కన్నడ బాగా వచ్చి, కువెంపుని ఇష్టపడే టీచర్ వెంట ఉండాలి, ట్రావెల్స్ గైడ్‌తో సరిపెట్టుకోవద్దు. రాత్రి బస లాడ్జిలో కాకుండా పని జరుగుతున్న తోట ఇంట్లో ఉండాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వాన మామూలుగా ఉండదు, జలగలు కూడా, చిన్నపిల్లలతో నవంబరు తర్వాతే మేలు. మూడో క్లాసు లోపు పిల్లలకి రైలు, ఘాట్ రోడ్డు కలిపి ఎక్కువే అవుతుంది, ఇంకో ఏడాది ఆగండి. కారప్పొడీ పచ్చడీ మేము కట్టుకెళ్లాం గానీ తీయలేదు, అజ్జి పెట్టిన కడుబు, కొబ్బరి చట్నీ పిల్లలు మళ్లీ మళ్లీ అడిగి తిన్నారు.

మేము పోతన గారి ఊరు బమ్మెర వెళ్తున్నాం, సంక్రాంతికి. జనగామ జిల్లా, పాలకుర్తి దగ్గర. మావాడు సిరా కలం సంచీలో ఇప్పుడే పెట్టేసుకున్నాడు.