ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, వియన్నా: మేము విన్న మూడు ఆర్కెస్ట్రాలు

వియన్నాకు సంగీతం వినడానికి వెళ్ళే తెలుగువారికి ముందుగా ఒక హెచ్చరిక చేయాలి. అక్కడి స్టేట్ ఒపేరా చుట్టుపక్కల ఎర్రకోటు, తెల్లవిగ్గు ధరించి మొజార్ట్ వేషంలో నిలబడే టికెట్ల అమ్మకందార్లతో, ఎంత మర్యాదగా పలకరించినా సరే, మాట కలపవద్దు. మేము అక్క, బావగారు, నేను కలిసి ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టి బెర్లిన్ మీదుగా వియన్నా వరకూ చేసిన ప్రయాణంలో మిగిలిన ఇబ్బందులన్నీ మరచిపోగలిగాను గానీ, ఆ వీధిలో పోయిన 207 యూరోల సంగతి మాత్రం ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా చందా కచేరీలకు కుర్చీలు దొరకడం కష్టమని మేము హైదరాబాదులో బయలుదేరేముందే తెలుసుకున్నాము. ఆ కుర్చీలు తరతరాలుగా చందాదారుల చేతుల్లో ఉంటాయి, కొత్తవారు ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. అందుకే ఆదివారం ఉదయం పదకొండు గంటల కచేరీకి నిలబడి వినే టికెట్లు మాత్రమే ఒక్కొక్కటి 15 యూరోలకు తీసుకున్నాము. అక్కకు మోకాళ్ళ నొప్పి ఉండడంతో రెండు గంటలు నిలబడగలదా అన్న బెంగ బావగారిని ప్రయాణం పొడవునా వదలలేదు. శనివారం మధ్యాహ్నం మేము గదిలో విశ్రాంతి తీసుకుంటుండగా ఆయన ఒక్కరే బయటికి వెళ్ళి, గంట తరువాత ముఖం వెలిగిపోతుండగా తిరిగి వచ్చి, "కుర్చీలే దొరికాయి, అదీ ఈ సాయంత్రానికే" అని మూడు టికెట్లు మా ముందు పెట్టారు. వేషధారి ఆయనకు ఫిల్హార్మోనిక్ వాయించే మ్యూజిక్‌ఫెరైన్ భవనంలోని బంగారు హాలు ఫొటోను ప్లాస్టిక్ అట్టలో పెట్టి చూపించి, ఫిల్హార్మోనిక్ వాద్యకారులే వాయిస్తారని చెప్పి, 89 యూరోల ధర కొట్టివేసి 69కి ఇచ్చాడట.

సాయంత్రం పట్టుచీరలు కట్టుకుని మ్యూజిక్‌ఫెరైన్ ద్వారం దగ్గరికి వెళ్తే, అక్కడి ఉద్యోగిని టికెట్టు చూసి, ఇటువంటివారిని రోజూ చూస్తున్న ఓర్పుతో, వెనుకవైపు చిన్న అక్షరాల్లో అచ్చయిన చిరునామాను వేలితో చూపించింది. అది రెండు వీధుల అవతల ఒక పాత భవనంలోని మొదటి అంతస్తు. అక్కడ కోట్లు దాచే చోట మనిషికి 2 యూరోలు తప్పనిసరిగా వసూలు చేశారు. మా కుర్చీలు స్తంభం వెనుక ఉన్నాయి. వేదిక మీద ఉన్నవారు తొమ్మిది మంది. ప్రతి కృతిలోనూ ఒక భాగం మాత్రమే వాయించి, మధ్యలో ఇద్దరు నర్తకులను తిప్పి, చివరికి అందరి చేతా చప్పట్లు కొట్టించి, గంటంబావులో ముగించారు. వాయించిన యువకుల మీద నాకు ఎటువంటి కోపమూ లేదు, వారు శ్రద్ధగానే వాయించారు. డబ్బు తిరిగి ఇవ్వమని అడిగితే నిర్వాహకుడు, టికెట్లు అమ్మినది వేరే ఏజెన్సీ అని చేతులు దులుపుకున్నాడు. ఏజెన్సీ నంబరుకు మరునాడు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తినవారు లేరు. సరదాగా ఒక సాయంత్రం గడపాలనుకునేవారికి అటువంటి వినోదం ఉండడంలో తప్పు లేదు. ఒక మహా వాద్యబృందం పేరు చెప్పి, దాని హాలు ఫొటో చూపించి అమ్మడం పచ్చి మోసం. ఆ రాత్రి బావగారు భోజనం ముట్టలేదు. అక్క ఆయనను ఒక్క మాట కూడా అనలేదు, దానితో ఆయన మరింత కుంగిపోయారు.

మరునాటి ఉదయం అసలు ఫిల్హార్మోనిక్‌ను విన్నాము. నిలబడే చోటు హాలు వెనుక భాగంలో, కటకటాల అవతల ఉంటుంది. తలుపులు తెరవగానే వెళ్ళినవారికే ముందు వరస దక్కుతుంది కనుక పొడుగువారి వెనుక చిక్కుకోకూడదంటే కనీసం గంట ముందు చేరుకోవాలి. అక్క కాసేపు నిలబడి, ఆ తరువాత అక్కడి విద్యార్థులలాగే నేల మీద చతికిలబడి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఆమె విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో, ఒకప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న చోట, వయోలిన్ నేర్చుకున్న మనిషి. నేల మీద కూర్చుని వినడమే తనకు అలవాటని, వేదిక కనబడకపోయినా నష్టం లేదని చెప్పింది.

ఆనాటి ప్రధాన కృతి జర్మన్ స్వరకర్త బ్రామ్స్ రెండవ సింఫనీ. ఇదే ఆర్కెస్ట్రా ఇదే హాలులో 1877 డిసెంబరు 30న హాన్స్ రిక్టర్ ఆధ్వర్యంలో దానిని మొదటిసారి వాయించింది. వయోలిన్ జాతికే చెందిన పెద్ద వాద్యాలు సెల్లోలూ డబుల్ బేస్‌లూ మూడు స్వరాలు మెల్లగా పలికిన తరువాత, హార్న్‌లు అనే ఇత్తడి ఊదుడు వాద్యాలు అందుకుంటాయి. ఆ అందుకోవడంలోనే ఈ బృందం ప్రత్యేకత తెలిసిపోయింది. ప్రపంచంలో మిగిలినవారు దాదాపుగా వదిలేసిన పాతకాలపు ఎఫ్ హార్న్‌నే వియన్నావారు నేటికీ వాడుతున్నారు. దాని గొట్టం పొడవు ఎక్కువ, స్వరాలు ఒకదానికొకటి దగ్గరగా ఉండడంతో జారిపోయే ప్రమాదమూ ఎక్కువ. అయినా ఒక స్వరం నుంచి మరొక దానికి వెళ్ళేటప్పుడు మన గాత్రంలో జారు వినబడినట్టే మెత్తగా ఒదిగిపోతుంది. సన్నాయిని పోలిన ఒబో కూడా వారి సొంత తీరుదే. టింపనీ అనే పెద్ద గిన్నె డోళ్ళకు ప్లాస్టిక్ పొరలు కాక మేకతోలు బిగిస్తారు, అందుచేత దెబ్బ పదునుగా కాక గుండ్రంగా పడుతుంది. డబుల్ బేస్‌లన్నీ వేదిక వెనుక గోడ పొడవునా ఒకే వరసలో నిలబడి ఉండడం ఇక్కడే చూశాను. శ్రుతి 443 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటారు, సాధారణంగా చెప్పే 440 కన్నా కాస్త ఎక్కువ. అక్క ఒబో స్వరం వినగానే కళ్ళు తెరిచి, "శ్రుతి పెంచారే!" అంది.

ఈ బృందం 1842లో ఒట్టో నికోలాయ్ ఆధ్వర్యంలో మొదలైంది. ఇందులో చేరాలంటే ముందు స్టేట్ ఒపేరా ఆర్కెస్ట్రాలో కొన్నేళ్ళు వాయించి నెగ్గాలి. రాత్రులు ఒపేరాలో గాయకుల వెంట నడిచేవారే పగలు ఇక్కడ సింఫనీ వాయిస్తారు కాబట్టి, వీరి వాద్యాలకు గాత్రంలోని ఊపిరి అబ్బిందని నా నమ్మకం. 1933 తరువాత వీరికి శాశ్వత కండక్టర్, అంటే ముందు నిలబడి వాద్యబృందాన్ని నడిపించేవాడు, లేడు, ఎవరిని పిలవాలో సభ్యులే నిర్ణయిస్తారు. ముంబైలో పుట్టి వియన్నాలోనే చదువుకున్న కండక్టర్ జుబిన్ మెహతాను కొత్త సంవత్సరపు కచేరీకి ఐదుసార్లు పిలిచారు. అయితే సంప్రదాయాన్ని ఇంత భద్రంగా కాపాడుకున్నవారే స్త్రీలను సభ్యులుగా అంగీకరించడానికి 1997 వరకూ ఆగారన్న విషయాన్ని నేను క్షమించలేను. ఆ ఉదయం వేదిక మీద ఉన్న స్త్రీలను చూస్తూ, వారికన్నా ముందు ఎందరు ఆ తలుపు బయటే నిలిచిపోయారో అనిపించింది.

బెర్లిన్‌లో మా బస గురించి చెప్పవలసినదేమీ లేదు. గది శుభ్రంగా ఉంది, రాత్రికి 104 యూరోలు, 200 నంబరు బస్సు నేరుగా ఫిల్హార్మోనీ హాలు ముందు దించింది. బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌ను నేను ఇంట్లో కూర్చుని వారి డిజిటల్ ప్రసారాలలో చాలా కాలంగా వింటున్నాను, అందువల్ల ఎక్కువ ఆశతో వెళ్ళినదీ ఇక్కడికే. హాన్స్ షారూన్ రూపొందించిన ఈ హాలు 1963 అక్టోబరు 15న మొదలైంది. వేదిక మధ్యలో ఉండి, దాని చుట్టూ కొండవాలు మీద పొలం చెక్కల్లాగా కుర్చీల వరసలు ఎగబాకుతాయి. మేము ఆర్కెస్ట్రా వెనుక, ఒక్కొక్కటి 38 యూరోలకు దొరికిన కుర్చీలలో కూర్చున్నాము. కండక్టర్ ముఖం ఎదురుగా కనబడుతుంది, టింపనీ వాయించేవారి ముందున్న స్వరాల పుటలు కూడా చదవవచ్చు. వయోలిన్‌ల నాదం మాత్రం అటువైపు వెళ్ళిపోయి, మన చెవికి ఇత్తడి వాద్యాలు ముందుగా తగులుతాయి. మొదటిసారి వెళ్ళేవారు డబ్బు కొంచెం ఎక్కువైనా పక్కవైపు కుర్చీలు తీసుకోవడం మేలు. మళ్ళీ మళ్ళీ వెళ్ళగలిగినవారు ఒక్కసారైనా ఈ వెనుక కుర్చీలలో కూర్చోవాలి.

ఎందుకంటే, ఈ బృందం ఎలా పని చేస్తుందో అక్కడినుంచే కనబడుతుంది. బెతోవెన్ ఏడవ సింఫనీ రెండవ భాగం మొదట్లో వయోలాలూ సెల్లోలూ డబుల్ బేస్‌లూ అతి మెల్లగా వాయించాలి. మెల్లగా వాయించేటప్పుడు వెనుక వరసలవారు కమానును అర అంగుళం కదిపి సరిపెట్టుకోవడం చాలాచోట్ల చూస్తాము. ఇక్కడ చిట్టచివరి కుర్చీలోని వాద్యకారిణి కూడా ముందు వరసలోని నాయకుడితో సమానంగా కమాను లాగుతూ, శరీరమంతా ఊగుతూ వాయించింది. ఎవరికి వారు సోలో కచేరీకి తగిన శక్తి ఉన్నవారు, ఆ శక్తినంతా దాచుకోకుండా కలిపి పోస్తున్నారు. ఉద్ధృతమైన చివరి భాగంలో నేల అదిరిన భావన కలిగింది. బావగారికి మూడు నగరాలలోనూ ఇదే నచ్చింది. అక్కకు మాత్రం, "బలం ఉంది గానీ నిదానం లేదు" అనిపించింది.

ఎవరికి వారు పూర్తి శక్తితో వాయించే ఈ స్వాతంత్ర్యం వీరికి పుట్టుకతో వచ్చినది. 1882లో బెంజమిన్ బిల్జె అనే నిర్వాహకుడు తన బృందాన్ని వార్సాకు నాలుగో తరగతి రైల్లో తీసుకువెళ్ళబోతే, 54 మంది ఎదురుతిరిగి విడిపోయి సొంతంగా పెట్టుకున్న ఆర్కెస్ట్రా ఇది. నేటికీ ముఖ్య కండక్టర్‌ను సభ్యులే ఓటు వేసి ఎన్నుకుంటారు. కరాయన్, అబాడో, రాటిల్ తరువాత 2019 నుంచి కిరిల్ పెట్రెంకో ఉన్నారు. ఇక్కడ కూడా మొదటి స్త్రీ సభ్యురాలు 1982లో గానీ రాలేదు. కాలం కలిసివస్తే బుధవారం మధ్యాహ్నం ఫిల్హార్మోనీ ముందుగదిలో జరిగే ఉచిత కచేరీకి తప్పక వెళ్ళండి. మెట్ల మీద, నేల మీద ఎక్కడ చోటు దొరికితే అక్కడ కూర్చుని వినవచ్చు. పిల్లలతో వెళ్ళేవారికి దానికన్నా మంచి మార్గం లేదు.

ఇక ఆమ్‌స్టర్‌డామ్. గది విషయంలో ఆ నగరం మమ్మల్ని ఏడిపించింది. రాత్రికి 172 యూరోలని రాసి, దాని మీద 12.5 శాతం పర్యాటక పన్ను కలిపి 193.50 వసూలు చేశారు. అంత ఇచ్చినా లిఫ్టు లేదు. ఇరుకైన, నిచ్చెనలాంటి మెట్లు ఎక్కి మూడవ అంతస్తుకు చేరేసరికి అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గది మార్చమంటే బల్ల దగ్గరి యువకుడు తల ఎత్తకుండానే లేదన్నాడు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు, పెద్దవారు అక్కడ గది తీసుకునేముందు లిఫ్టు ఉందా అని రాతపూర్వకంగా అడిగి తీరాలి. సురినామ్ నుంచి వచ్చిన భారతసంతతివారి చిన్న హోటల్లో 11.50 యూరోలకు దొరికిన రొట్టె, బంగాళాదుంప కూర, పొడుగు చిక్కుళ్ళ వేపుడు తిన్న తరువాత గానీ ఆమె మనసు కుదుటపడలేదు.

అయినా మూడింటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆర్కెస్ట్రా ఆ నగరానిదే. కాన్సెర్ట్‌గెబౌ హాలు 1888 ఏప్రిల్ 11న ప్రారంభమైంది, అదే పేరుగల ఆర్కెస్ట్రా కూడా ఆ ఏడాదే పుట్టింది. బురదనేలలో 2,186 చెక్క దూలాలు దిగవేసి కట్టిన ఈ భవనం వందేళ్ళకు కుంగిపోసాగితే, పునాదులనే మార్చి నిలబెట్టుకున్నారు. కచేరీ సాగుతున్నప్పుడు దాని గొప్పదనం తెలుస్తుంది. స్వరం పలికి ఆగిన తరువాత దాదాపు రెండు సెకన్ల పాటు నాదం గాలిలో నిలుస్తుంది. అటువంటి హాలులో తొందరపడి వాయిస్తే అంతా కలగాపులగమవుతుంది, కాబట్టి ఇక్కడివారు తరతరాలుగా ఒకరినొకరు వింటూ, నాదాన్ని తేలనిచ్చి వాయించడం నేర్చుకున్నారు. మేము 62 యూరోలు పెట్టి బాల్కనీ పక్కవైపు కూర్చున్నాము. వేదిక వెనుక ఎర్ర తివాచీ పరిచిన పొడవాటి మెట్ల మీదుగా కండక్టర్ దిగి వస్తూంటే హాలు మొత్తం ఆయన అడుగులనే చూస్తుంది.

మేము విన్నది స్వరకర్త మాలర్ నాల్గవ సింఫనీ. 1904లో మాలర్ స్వయంగా ఇక్కడికి వచ్చి, ఒకే సాయంత్రం ఈ సింఫనీనే విరామానికి ముందు ఒకసారి, తరువాత మరొకసారి నడిపించాడు. యాభై ఏళ్ళు ఈ బృందాన్ని తీర్చిదిద్దిన విల్లెం మెంగెల్‌బెర్గ్ ఆయనకు మిత్రుడు. మాలర్ రాతలోని సంగతులు ఆ కాలం నుంచీ వీరి చేతుల్లో ఉన్నాయి. మూడవ భాగంలో సెల్లోలు ఎత్తుకున్న రాగం మీదికి ఒబో వచ్చి చేరినప్పుడు, ఆ ఒబో ఎక్కడ మొదలైందో నా చెవికి అందలేదు. బెర్లిన్‌లో అయితే ప్రతి వాద్యం విడిగా మెరుస్తుంది, వియన్నాలో హార్న్‌లూ తంత్రులూ పాడుతున్నట్టుంటాయి, ఇక్కడ వాద్యాల మధ్య గోడలే ఉండవు. ఆ తరువాత బెర్లిన్‌లో నిదానం లేదని చెప్పబోయే అక్క, ఇక్కడ చప్పట్లు మొదలైన తరువాత కూడా చాలాసేపు చేతులు కలపలేదు.

ఒక్క సాయంత్రానికి మాత్రమే డబ్బు, సెలవు ఉన్నవారికి నేను ఆమ్‌స్టర్‌డామ్ పేరే చెబుతాను. గదిని మాత్రం నగరంలో కాక, రైల్లో ఇరవై నిమిషాల లోపు చేరే హార్లెంలో తీసుకోండి. బాల్కనీలో పక్కవైపు కుర్చీలు ముందుగా అమ్ముడుపోతాయి కనుక కచేరీల పట్టిక వెలువడిన వారంలోనే కొనాలి. వియన్నా వెళ్ళేవారు ఫిల్హార్మోనిక్ సొంత కార్యాలయంలో లేదా మ్యూజిక్‌ఫెరైన్ కౌంటరులో తప్ప మరెక్కడా టికెట్టు కొనవద్దు. కొత్త సంవత్సరపు కచేరీ కావాలంటే అంతకుముందు ఫిబ్రవరిలో పేరు నమోదు చేసుకుని లాటరీలో రావాలి. మా ముగ్గురి పేర్లూ ఈ ఫిబ్రవరిలో బావగారే స్వయంగా నమోదు చేశారు.