విదేశీ ఏజెంటు అన్న ముద్ర నిజమేనా? అమెరికా న్యాయశాఖ ఫారా రికార్డుల సైటుపై సమీక్ష

అమెరికా విదేశాంగ విధానాన్ని తప్పుపట్టినవాళ్ళ మీద అక్కడి మీడియా వేసే నింద వందేళ్ళుగా పెద్దగా మారలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగొద్దన్న సెనేటర్ రాబర్ట్ లా ఫాలెట్ జర్మనీ మనిషి అయ్యాడు. వియత్నాం యుద్ధం ఆపమన్నవాళ్ళు హనోయ్ మనుషులయ్యారు. 2003లో ఇరాక్ మీద దాడి వద్దన్నవాళ్ళు సద్దాం పక్షం వాళ్ళయ్యారు. ఇప్పుడు రష్యా, చైనా, ఇరాన్ పేర్లు వినిపిస్తున్నాయి. ఇలాంటి వార్త కంటపడినప్పుడు పాఠకుడు తానే తెరిచి చూసుకోగల సర్కారీ రికార్డు ఒకటుంది. అమెరికా న్యాయశాఖ నడిపే ఫారా డాట్ గవ్. పైసా ఖర్చు లేదు, ఖాతా తెరవనక్కర్లేదు. డబ్బు జాడ పట్టడానికి దీనికి 5కి 4 మార్కులు ఇవ్వొచ్చు. ఎవరి మనసు ఏ దేశం వైపు ఉందో తేల్చడానికి మాత్రం ఇది ఎందుకూ పనికిరాదు, అసలు అందుకోసం పెట్టిందీ కాదు. మీడియా ఈ రెండింటినీ కలిపేస్తుంది కాబట్టే ఈ సైటును సరిగ్గా వాడటం నేర్చుకోవాలి.

ఫారా అంటే విదేశీ ఏజెంట్ల నమోదు చట్టం. నాజీ ప్రచారాన్ని బయటపెట్టడం కోసం 1938లో చేశారు. మొదట విదేశాంగ శాఖ చేతిలో ఉండేది, 1942లో న్యాయశాఖకు వచ్చింది. 1966 సవరణల తర్వాత దాని చూపు ప్రచారం మీద నుంచి లాబీయింగ్ మీదికి (ప్రభుత్వ నిర్ణయాలను తమవైపు తిప్పుకునే ప్రయత్నం) మళ్ళింది. విదేశీ ప్రభుత్వమో, పార్టీయో, కంపెనీయో, వ్యక్తో చెప్పినట్టు అమెరికాలో రాజకీయ పనులు, ప్రచారం చేసేవాళ్ళు ఒప్పుకున్న 10 రోజుల్లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ పైన ప్రతి 6 నెలలకు వివరాలు ఇవ్వాలి. ప్రచార సామగ్రి పంచితే 48 గంటల్లో దాని ప్రతిని దాఖలు చేయాలి, ఎవరి తరఫున పంచుతున్నారో దాని మీదే రాయాలి. కావాలని ఎగ్గొడితే 5 ఏళ్ళ దాకా జైలు. నమోదు చేసుకోవడం నేరం కాదు, నేరం చేసినట్టు ఒప్పుకోవడమూ కాదు. ఈ ముక్కను మీడియా తరచూ మింగేస్తుంది.

వెతకడానికి ముందు కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: ఆరోపణ ఎవరి మీద, ఏ దేశం తరఫున, ఏ సంవత్సరాల్లో. వార్తలో ఈ మూడూ దొరక్కపోతే వెతకడానికి ఏమీ లేదన్నమాట. చాలా కథనాలు ఇక్కడే తేలిపోతాయి. దొరికితే ముందు సంస్థ పేరుతో చూడండి. తర్వాత వ్యక్తి పేరుతో చూడాలి, ఎందుకంటే సంస్థలో పనిచేసే వ్యక్తులు షార్ట్ ఫారం అనే వేరే పత్రం ఇస్తారు, వాళ్ళ పేర్లు వేరే జాబితాలో ఉంటాయి. ఆఖరున దేశం పేరుతో ఫారిన్ ప్రిన్సిపల్స్ జాబితా తెరవండి. పని చేయించుకుంటున్న విదేశీ పక్షాన్ని చట్టం అలా పిలుస్తుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది ఈ దశలోనే. మొదటిది, ప్రస్తుతం చెల్లుబాటులో ఉన్న నమోదులు మాత్రమే చూసి వదిలేయడం. రద్దయిన నమోదులు వేరే జాబితాలో ఉంటాయి, అదీ తెరవకుండా పేరు లేదని చెప్పకూడదు. రెండోది, జనం నోట్లో ఉన్న పేరుకూ రికార్డులో ఉన్న పేరుకూ పొంతన లేకపోవడం. రష్యా ప్రభుత్వ డబ్బుతో నడిచిన ఆర్‌టీ అమెరికా ఛానెల్ కార్యక్రమాలు తయారుచేసిన కంపెనీ 2017 నవంబరులో నమోదైంది, కానీ టీ అండ్ ఆర్ ప్రొడక్షన్స్ అన్న పేరుతో. ఛానెల్ పేరు ఒక్కటే నమ్ముకుని వెతికితే దాన్ని దాటిపోతాం. మూడోది అక్షరక్రమం. అరబ్బీ, రష్యన్, చైనీస్ పేర్లకు ఇంగ్లీషులో రెండు మూడు రాతలు ఉంటాయి, అన్నీ కొట్టి చూడాలి. నాలుగోది, పాత పత్రాల్లో చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలు. పీడీఎఫ్ లోపల పదం కొట్టి వెతికితే ఏమీ దొరకదు, ఓపికగా పేజీలు తిప్పాల్సిందే. సైటు అప్పగించే ఫైలు పేరులోనే నమోదు సంఖ్య, పత్రం రకం, తేదీ ఉంటాయి కాబట్టి పేరు మార్చకుండా దాచుకుంటే తర్వాత వెతుక్కోవడం తేలిక.

నమోదు దొరికాక ఏది చదవాలి? నమోదుకు జతచేసే ఎగ్జిబిట్ ఏ అనే పత్రంలో విదేశీ పక్షం ఎవరన్నది ఉంటుంది. ఎగ్జిబిట్ బీలో ఒప్పందం ఉంటుంది: ఏం పని, ఎంత డబ్బు, ఎన్నాళ్ళు. ఆరు నెలల నివేదికలో వచ్చిన డబ్బు, ఖర్చయిన డబ్బు, ఎన్నికల విరాళాలు, ఎవరిని కలిశారు, ఎవరికి ఈమెయిల్ పంపారు అన్న పట్టికలు ఉంటాయి. ఈ చివరి పట్టిక దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. లాబీయింగ్ కంపెనీలు తాము సంప్రదించిన విలేఖరుల పేర్లు, మేధావుల పేర్లు అందులో రాస్తాయి. ఒక జర్నలిస్టుకు ఏజెంటు ఈమెయిల్ పంపితే ఆ జర్నలిస్టు పేరు ఫారా పత్రంలోకి ఎక్కుతుంది. ఆయన జవాబు ఇచ్చాడా, ఆ ఈమెయిల్ చూసి ఏమైనా రాశాడా అన్నది వేరే సంగతి. ఫలానావాడి పేరు ఫారా పత్రాల్లో ఉందంటూ స్క్రీన్‌షాట్ తిరిగితే, ఆ పేరు ఏ పట్టికలో ఉందో ముందు చూడాలి. సంప్రదించినవాళ్ళ పట్టికలో ఉంటే అది ఏజెంటుతనానికి సాక్ష్యం కాదు.

సైటు విలువా, దాని లోపమూ ఒకేచోట కనిపించే ఉదాహరణ, తర్వాత ట్రంప్‌కు జాతీయ భద్రతా సలహాదారైన మైకేల్ ఫ్లిన్‌ది. 2016 నవంబరు 8న, అధ్యక్ష ఎన్నికల రోజున, ద హిల్ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. అమెరికాలో ఉంటున్న టర్కీ మతబోధకుడు ఫెతుల్లా గులెన్‌ను టర్కీకి అప్పగించాలన్నది సారాంశం. ఆయన కంపెనీ ఫారా కింద నమోదైంది 2017 మార్చిలో. ఒక టర్కీ వ్యాపారి కంపెనీ నుంచి 5,30,000 డాలర్లు అందాయని అప్పుడు రికార్డుకెక్కింది. వ్యాసం వచ్చిన రోజున ఫారా సైటులో వెతికినవాళ్ళకు ఏమీ దొరికేది కాదు. 2016లో ట్రంప్ ఎన్నికల ప్రచారానికి సారథ్యం వహించిన పాల్ మానఫోర్ట్ కూడా ఉక్రెయిన్ పార్టీ కోసం 2012 నుంచి 2014 దాకా చేసిన పనిని 2017లో నమోదు చేశాడు. కాబట్టి నమోదు తేదీ ఒకటి, పని చేసిన తేదీ మరొకటి. పేరు లేనంత మాత్రాన నిర్దోషి అని తేలదు. ఆలస్యం ఈ వ్యవస్థకు పాత జబ్బు. న్యాయశాఖ సొంత తనిఖీ అధికారి, అంటే ఇన్‌స్పెక్టర్ జనరల్, 2016 సెప్టెంబరు నివేదికలో దీన్ని తప్పుపట్టారు. 1966 నుంచి 2015 వరకు ఫారా కింద పెట్టిన క్రిమినల్ కేసులు ఏడంటే ఏడేనని అదే నివేదిక లెక్క.

అసలు ఇబ్బంది చట్టం రాతలో ఉంది. విదేశీ పక్షం ఆదేశించినా, అదుపులో పెట్టుకున్నా ఏజెంటే అవుతారు, దానికి పేచీ లేదు. వాళ్ళు కోరితే పనిచేసినా ఏజెంటే అంటుంది చట్టం. కోరడం అంటే ఎంత? ఐరిష్ నార్తర్న్ ఎయిడ్ కమిటీ అనే సంస్థ కేసులో 1982లో అప్పీలు కోర్టు దానికి హద్దు గీయడానికి ప్రయత్నించింది, అయినా అది వదులుగానే మిగిలింది. ఆ వదులులోంచే విమర్శకుల మీద నింద వేయడానికి దారి దొరుకుతుంది. నల్లజాతి మేధావి డబ్ల్యు.ఈ.బి. డుబాయిస్ కేసు చూడండి. అణ్వాయుధాలను నిషేధించాలన్న స్టాక్‌హోమ్ విజ్ఞప్తికి అమెరికాలో సంతకాలు సేకరించిన పీస్ ఇన్ఫర్మేషన్ సెంటర్‌కు ఆయన అధ్యక్షుడు. ఆ విజ్ఞప్తి సోవియట్ ప్రచార ఎత్తుగడ అని విదేశాంగ మంత్రి డీన్ అచెసన్ 1950 జులైలో ప్రకటించారు, అది పత్రికలకెక్కింది. 1951 ఫిబ్రవరిలో ఫారా కింద నేరారోపణ జరిగింది. అప్పటికి డుబాయిస్‌కు 82 ఏళ్ళు. చేతులకు బేడీలు వేశారు. నవంబరులో విచారణ జరిగినప్పుడు విదేశీ సంస్థతో ఏజెంటు సంబంధాన్ని ప్రాసిక్యూషన్ చూపించలేకపోయింది, జ్యూరీ దాకా వెళ్ళకుండానే జడ్జి కేసు కొట్టేశారు. కేసు పోయినా ముద్ర పోలేదు. ఆయనకు పాస్‌పోర్టు 1958 దాకా చేతికి రాలేదు. ఒకే అభిప్రాయం ఉండటాన్ని ఒకరి ఆజ్ఞ కింద ఉండటంగా లెక్కగడితే ఎంత అన్యాయం జరుగుతుందో ఈ ఒక్క కేసు చాలు చెప్పడానికి. సీఐఏ కూడా 1967 నుంచి 1974 దాకా కేయాస్ అన్న రహస్య కార్యక్రమంలో 7,200 మంది అమెరికన్ల మీద ఫైళ్ళు తెరిచి, యుద్ధ వ్యతిరేక ఉద్యమం వెనుక విదేశీ హస్తం కోసం వెతికింది. విదేశాలు నడిపిస్తున్నాయనడానికి చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు.

ఫారా సైటుకు బదులుగా మీడియా వాడిన పనిముట్లను దానితో పోల్చి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. 2016 నవంబరు 24న వాషింగ్టన్ పోస్ట్ ఒక కథనంలో ప్రాప్‌ఆర్‌నాట్ అనే అజ్ఞాత బృందాన్ని ఉటంకించింది. రష్యా ప్రచారాన్ని మోస్తున్నాయంటూ ఆ బృందం 200 సైట్ల జాబితా పెట్టింది. అందులో నేకెడ్ క్యాపిటలిజం, కౌంటర్‌పంచ్, యాంటీవార్ డాట్ కామ్ లాంటివి, అంటే విదేశాంగ విధానాన్ని ఏళ్ళ తరబడి విమర్శిస్తున్నవి కూడా ఉన్నాయి. జాబితా వేసిందెవరో తెలియదు, డబ్బు అందిందన్న రుజువు లేదు. రెండు వారాల్లోపే, ఆ బృందం తేల్చిన విషయాలకు తాము పూచీ ఇవ్వమని పత్రిక ఎడిటర్ నోట్ జోడించింది. 2017 ఆగస్టులో వచ్చిన హామిల్టన్ 68 డ్యాష్‌బోర్డు సంగతీ అంతే. దాదాపు 600 ట్విట్టర్ ఖాతాలను గమనిస్తూ రష్యా ప్రచారం ఇదీ అని రోజూ చూపించేది, కానీ ఆ ఖాతాలేవో చెప్పేది కాదు. వాటిలో చాలా మామూలు అమెరికన్లవని ట్విట్టర్ ఉద్యోగులు లోపల రాసుకున్న ఈమెయిళ్ళు 2023 జనవరిలో బయటికొచ్చాయి. ఫారా రికార్డులో ఎన్ని లోపాలున్నా పత్రం మీద సంతకం ఉంటుంది, తేదీ ఉంటుంది, తప్పు రాస్తే శిక్ష ఉంటుంది. అజ్ఞాత జాబితాకు ఇవేవీ లేవు.

ఈ ఒక్క సైటుతో పని పూర్తి కాదు. సెనేట్ నడిపే లాబీయింగ్ రికార్డులు తప్పక చూడాలి, ఎందుకంటే విదేశీ ప్రైవేటు కంపెనీల తరఫున పనిచేసేవాళ్ళు అక్కడ నమోదు చేసుకుని ఫారా నుంచి మినహాయింపు పొందొచ్చు. లాభాపేక్ష లేని సంస్థ అయితే అది ఏటా పన్నుల శాఖకు ఇచ్చే ఫారం 990 తెరవండి, అయితే దాతల పేర్లు బయటికి ఇవ్వరు. విశ్వవిద్యాలయాల మీద ఆరోపణ వస్తే 2,50,000 డాలర్లు, అంతకు మించిన విదేశీ విరాళాలు విద్యాశాఖకు చెప్పాలన్న నిబంధన ఉంది. ఫారా పత్రాలను నేరుగా చదవడం కష్టమనిపిస్తే ఓపెన్‌సీక్రెట్స్ వాళ్ళ ఫారిన్ లాబీ వాచ్‌తో మొదలుపెట్టి, మొత్తాలను అసలు పత్రంతో పోల్చుకోవచ్చు. ఇక కోర్టు రికార్డులు. విదేశీ ప్రభుత్వం కోసం రహస్యంగా పనిచేశారన్న కేసులు అమెరికా నేర చట్టంలోని 951 సెక్షన్ కింద వస్తాయి. దానికి ఫారాలాగా బహిరంగ నమోదు పుస్తకం లేదు. ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో, రష్యా కోసం పనిచేశారంటూ ఉహురు అనే నల్లజాతి ఉద్యమ నాయకుల మీద నడిచింది ఆ కేసే. 2024 సెప్టెంబరులో జ్యూరీ వాళ్ళను ఏజెంట్లుగా పనిచేశారన్న ఆరోపణ నుంచి విడిచిపెట్టి, కుట్ర నేరం మాత్రం ఖాయం చేసింది. ఇలాంటి తీర్పును ఒక్క ముక్కలో దోషి అనో నిర్దోషి అనో రాసిన వార్త సగమే చెప్పినట్టు.

ఇంకొక మినహాయింపు గుర్తుంచుకోవాలి. అమెరికన్ పౌరుల యాజమాన్యం కనీసం 80 శాతం ఉండి, విదేశీ డబ్బూ అదుపూ లేని వార్తా సంస్థలు ఫారా కింద నమోదు చేసుకోనక్కర్లేదు. అలాంటి పత్రికను పట్టుకుని ఎందుకు నమోదు కాలేదని అడగడం అర్థం లేని ప్రశ్న.

2025 ఫిబ్రవరి 5న అటార్నీ జనరల్ పామ్ బాండీ జారీచేసిన మెమో ప్రకారం, ఫారా కింద క్రిమినల్ కేసులు ఇకపై సంప్రదాయ గూఢచర్యం లాంటి పనులకే పరిమితం. ఎఫ్‌బీఐలోని విదేశీ ప్రభావ టాస్క్‌ఫోర్స్‌ను కూడా అదే మెమో రద్దు చేసింది. నమోదు చేసుకోవాలన్న చట్టం అలాగే ఉంది, ఎగ్గొట్టినవాళ్ళకు జైలు భయం తగ్గింది. అందుకని 2025 తర్వాతి తేదీలకు సంబంధించి సైటులో ఒక పేరు కనబడకపోతే దాని బరువు ఇంకా తగ్గించి చూడాలి. దొరికిన పత్రం బరువు మాత్రం తగ్గదు.