డంప్ స్టేషన్లు చూపే యాప్: వేసవికి చాలు, అక్టోబరుకు చాలదు

ఈ యాప్‌లో నాకు గిట్టనిది ఆకుపచ్చ గుర్తు. అమెరికాలో బండి వెనుక ఇల్లులాంటి ట్రెయిలరు తగిలించుకొని ఊళ్లు తిరిగేవాళ్లకు మురుగు ట్యాంకులు ఖాళీ చేసుకునే చోట్లు, అంటే డంప్ స్టేషన్లు, ఎక్కడున్నాయో పటం మీద చూపించే యాప్‌లు చాలానే ఉన్నాయి. నేను చందా కట్టి కొన్నేళ్లుగా వాడుతున్నది వాటిలో బాగా చెలామణిలో ఉన్నదే కనుక దాని ధర, మెనూలు, ఏ ఫోనులో ఎలా నడుస్తుందన్న వివరాల జోలికి పోను. పేరు కూడా చెప్పను, ఎందుకంటే ప్రయత్నించి చూసిన తక్కినవాటిలోనూ నాకు ఇదే జబ్బు కనిపించింది. పటం మీద ఒక చోటు ఆకుపచ్చగా కనబడితే అది తెరిచి ఉందనే ఎవరైనా అనుకుంటారు. ఈ యాప్ లెక్కలో మాత్రం, అది మూతబడిందని ఇంతవరకు తమకు ఎవరూ చెప్పలేదని దానికి అర్థం. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో నిండిన ట్యాంకుతో సాయంత్రం వేళ ఒక చిన్న నగరంలో తిరిగినవాళ్లకే తెలుస్తుంది.

మేముండేది సియాటిల్ పక్కన, మాది 24 అడుగుల ట్రెయిలరు. టాయిలెట్ మురుగు చేరే బ్లాక్ ట్యాంకు, వంట, స్నానాల నీళ్లు చేరే గ్రే ట్యాంకు దాదాపు 40 గ్యాలన్ల చొప్పున, అంటే నూటయాభై లీటర్ల చొప్పున పడతాయి. ట్రెయిలరు అమ్మేటప్పుడు నలుగురికి ఇన్ని రోజులు వస్తుందని చెప్పే లెక్క ఒకటుంది. అది కాగితంతో సరిపెట్టుకునేవాళ్ల కోసం వేసిన లెక్క. టాయిలెట్ పక్కన చేతి స్ప్రే పెట్టించుకున్నప్పటి నుంచి మా బ్లాక్ ట్యాంకు అందులో సగం గడువుకే నిండుతోంది. (దీనివల్ల మేలూ ఉంది, కాగితం తగ్గి నీళ్లు పెరగడంతో ట్యాంకు అడుగున ఏదీ గడ్డకట్టదు.) ఇక బియ్యం కడిగిన నీళ్లు, పప్పు గిన్నెలు, పోపు మూకుళ్లు కలిసి గ్రే ట్యాంకును ఏ మాత్రం తీరికగా ఉండనివ్వవు. ఎంత నిండిందో చూపించే సెన్సర్ల మీద ఆధారపడదామంటే, లోపల కాస్త మురికి అంటుకున్నా అవి ఖాళీ ట్యాంకును కూడా నిండుగా చూపిస్తాయి. అందుచేత సీవర్ కనెక్షన్ ఉన్న క్యాంప్‌గ్రౌండులో దిగని ప్రయాణాలలో రెండు మూడు రోజులకొకసారి డంప్ స్టేషన్ వెతుక్కోవడం మాకు తప్పనిసరి. యాప్ మీద ఇంత మాట్లాడే హక్కు నాకు అక్కడి నుంచే వచ్చింది.

మొదటి వేసవిలో దీన్ని తెలిసినవాళ్లందరికీ సిఫారసు చేశాను, ఆ మెచ్చుకోలు అప్పటికి న్యాయమైనదే. పెద్ద నగరాలలో ఈ వెతుకులాట సులువు. హైవే ఎగ్జిట్ దగ్గర ఏదో ఒక పెద్ద ట్రక్ స్టాప్ ఉంటుంది, ఫ్లయింగ్ జే లాంటి చోట్ల చాలావాటిలో డబ్బు తీసుకొని డంప్ చేసుకోనిస్తారు. చిన్న నగరాలలోనే తిప్పలు. అక్కడ డంప్ స్టేషన్ మునిసిపల్ పార్కు వెనుకో, సంతలు జరిగే ఫెయిర్‌గ్రౌండు మూలనో, పాత పెట్రోలు బంకు పక్కనో ఉంటుంది. ట్రెయిలరు బొమ్మ కింద బాణం గీసిన నీలం బోర్డు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. మామూలు పటంలో డంప్ అని వెతికితే చెత్త పోసే చోట్లు కూడా కలిపి చూపిస్తుంది. ఈ యాప్‌లో అలా ఉండదు. పైగా వాడినవాళ్లు పెట్టిన ఫొటోలు ఉంటాయి. ఫొటో ఎందుకంటే, ట్రెయిలరు మురుగు గొట్టం తగిలించే నోరు డ్రైవరు వైపు, అంటే ఎడమ పక్కన ఉంటుంది. మురుగు వదిలే రంధ్రం కూడా ఎడమకు వచ్చేలా బండిని నిలపాలి. పికప్పూ ట్రెయిలరూ కలిపి నలభై అడుగులు దాటిన బండితో తప్పు వైపు నుంచి ఒక ఇరుకు సందులోకి దూరితే, వెనక్కి తీయడానికి భార్యాభర్తలిద్దరికీ చాలా ఓపిక కావాలి. ఎటు నుంచి వెళ్లాలో, తిప్పుకోవడానికి చోటుందో లేదో ముందే చూసుకోగలగడం ఈ యాప్ వల్ల మాకు కలిగిన అసలు ప్రయోజనం, నేటికీ అందులో మార్పు లేదు. కాకపోతే ఆ ఫొటోలు జూన్, జూలై నెలలలో తీసినవన్న సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చి మాతో ఉన్న ఏడాది, ఎల్లోస్టోన్ నేషనల్ పార్కును రద్దీ తగ్గాక చూపిద్దామని అక్టోబరు మొదట్లో బయలుదేరాము. తిరుగు ప్రయాణంలో ఒక ఆదివారం మధ్యాహ్నానికి పశ్చిమ మొంటానాలో, ఐ-90 హైవే పక్కనున్న ఒక చిన్న నగరానికి చేరేసరికి బ్లాక్ ట్యాంకు నిండిపోయింది. ఈసారి సెన్సరు అబద్ధం చెప్పలేదు. టాయిలెట్ పెడల్ నొక్కగానే నీళ్లు కిందికి దిగకుండా బుడగలు పైకి వస్తే ఇక తిరుగులేదు. ముందు లుకౌట్ పాస్ అనే కనుమ ఎక్కి ఐడహోలోకి దిగాలి, అంత బరువుతో, అందులోనూ మా నాన్నగారికి రాత్రి పూట నాలుగైదుసార్లు లేవవలసి వచ్చే పరిస్థితిలో, ముందుకు పోవడం కుదరదు. యాప్ తెరిస్తే ఆ నగరంలో ఆకుపచ్చ గుర్తులు ఒకటికి మించి కనిపించాయి, నిశ్చింతగా మొదటిదానికి బండి తిప్పాను.

అది నది ఒడ్డున ఉన్న మునిసిపల్ పార్కు. కాంక్రీటు గచ్చు ఉంది, వాలు ఉంది, మధ్యలో ఇనుప మూత ఉంది, మూతకు తాళం ఉంది. గొట్టం కడుక్కునే కుళాయికి గోనెసంచి చుట్టి తాడుతో కట్టారు. శీతకాలానికి మూసివేశామని, వసంతంలో తెరుస్తామని స్తంభానికి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం అంటించి ఉంది. అది చూసి ఊరివాళ్లను తప్పు పట్టలేము. ఆ ప్రాంతంలో రాత్రి గడ్డకట్టే చలి మొదలయ్యాక కుళాయిలో నీళ్లు ఉంచితే పైపులు పగులుతాయి. రెండోది పెట్రోలు బంకు. యాజమాన్యం మారిందట. డంప్ రంధ్రం ఉండిన చోట చుట్టూ పాత తారు, మధ్యలో పళ్లెమంత కొత్త సిమెంటు మాసిక కనిపించింది. కౌంటరులోని అమ్మాయి తాను చేరినప్పటి నుంచీ అది అలాగే ఉందని చెప్పింది. ఫెయిర్‌గ్రౌండులో ఏదో గుర్రాల పోటీ జరుగుతోంది, డంప్ స్టేషన్ ముందు గుర్రాల ట్రెయిలర్లు వరుసగా నిలిపి ఉన్నాయి. వాటి యజమానులు సాయంత్రం దాకా రారు.

అప్పుడు పటం మీది ఒక్కొక్క గుర్తును, అంటే పిన్నును, నొక్కి కింద రాసిన వ్యాఖ్యలు మొదటిసారి తీరికగా చదివాను. పార్కు మీద ఆఖరి మాట అంతకుముందు ఏడాది జూలైలో ఎవరో రాసినది, చాలా బాగుందని. పెట్రోలు బంకు మీద ఆఖరి మాట దానికంటే పాతది. ఆకుపచ్చ గుర్తుకూ ఆ తేదీలకూ ఏ సంబంధమూ లేదు. తేదీ చూడాలంటే పిన్ను నొక్కి, అందులో మరొక పేజీకి వెళ్లి, కిందికి జరపాలి. సిగ్నల్ లేనప్పుడు పనికొస్తుందని గొప్పగా చెప్పుకునే ఆఫ్‌లైన్ పటంలోనైతే ఆ వ్యాఖ్యలే ఉండవు, రంగు మాత్రం ఉంటుంది. పిల్లవాడి పాత మార్కుల కాగితం చూపించి ఈ ఏడు కూడా పాసయ్యాడని చెప్పినట్టుంది.

దారి చూపించినది యాప్ కాదు. పశువుల దాణా, పనిముట్లు అమ్మే దుకాణం ముందు బండి ఆపి అడిగితే, గోదాములో బస్తాలు సర్దుతున్న పెద్దమనిషి బయటికి వచ్చి ట్రెయిలరు వైపు ఒకసారి చూసి, ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రానికి వెళ్లమన్నాడు. ప్రధాన ద్వారం దగ్గరికి పోవద్దని, దానికి ముందు వచ్చే కంకర దారిలో ఎడమకు తిరగమని, కంచెకు బయటి పక్కనే ఉంటుందని చెప్పాడు. నిజంగానే ఉంది. బోర్డు లేదు. నేల మట్టానికి ఒక ఇనుప మూత, కాలితో నొక్కితే లేచేది, దాని పక్కన ఎవరో పెట్టిన పెద్ద రాయి, కంచెకు బిగించిన ఒక చిన్న డబ్బు పెట్టె. కుళాయి ఇక్కడా కట్టేశారు. మా ట్రెయిలరులో మంచినీళ్లు ఇంకా మిగిలి ఉండటంతో పంపు ఆన్ చేసి వాటినే వాడుకున్నాము. గ్లౌజులు తొడుక్కొని, గొట్టం బిగించి, దాని కొస కదలకుండా ఆ రాయిని మీద పెట్టాక దాన్ని అక్కడ ఎందుకు ఉంచారో తెలిసింది. మొదట బ్లాక్ ట్యాంకు వాల్వు లాగి, అది ఆగాక గ్రే ట్యాంకు వాల్వు లాగితే, ఆ సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. పారదర్శకంగా ఉండే మోచేతి పైపులో నీళ్లు తేటబడే దాకా చూసి మూసేశాను. డబ్బు పెట్టెలో ఎంత వేయాలో రాసి లేదు, ఐదు డాలర్ల నోటు వేయబోతే మా అమ్మ ఇంకొకటి వేయమంది.

యాప్‌లో లేని ఈ చోటును చేర్చమని ఫొటోలతో సహా ఆ రాత్రే పంపాను. పరిశీలనలో ఉందన్న సమాధానం వెంటనే వచ్చింది, పిన్ను మాత్రం మరుసటి వసంతానికి వచ్చింది, అదీ ప్రధాన ద్వారం ముందు, వెళ్లవద్దని ఆ పెద్దమనిషి చెప్పిన చోటే. సరిచేయమని మళ్లీ రాశాను. పెట్రోలు బంకు పిన్ను తీసేయడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టింది. ఇదంతా వాడుకరులు ఊరికే చేసిపెట్టే పని, యాప్‌వాళ్లు చేయవలసింది దాన్ని త్వరగా చూడటం ఒక్కటే. చందా కడుతున్నది దానికోసమే కదా.

డంప్ స్టేషన్లు మూతబడటం చలికాలానికే పరిమితమైన వ్యవహారం కాదు. ట్రెయిలరులో నీళ్లు పొదుపుగా వాడతారు కనుక అందులోని మురుగు ఇళ్ల మురుగు కంటే చాలా చిక్కగా ఉంటుంది. వాసన రాకుండా కొందరు పోసే ఫార్మాల్డిహైడ్ వంటి మందులు సెప్టిక్ ట్యాంకులో మురుగును కుళ్లబెట్టే బాక్టీరియాను చంపేస్తాయి. కాలిఫోర్నియా అలాంటి వాటి అమ్మకాన్నే నిషేధించింది. ఊరి సీవర్‌తో సంబంధం లేకుండా సొంత సెప్టిక్ మీద నడిచే పార్కులు, హైవే పక్కన ఆగి సేదతీరే రెస్ట్ ఏరియాలు ఈ భారం తట్టుకోలేక మూసేస్తుంటాయి. కొందరు చెత్త కుక్కి రంధ్రాన్ని పూడ్చేసి వెళతారు, ఊరివాళ్లు విసిగి తాళం వేస్తారు. అందువల్ల ఈ చోట్ల స్థితి నెల నెలకూ మారుతుంది. రంగుకు బదులు చివరిగా ఎవరు ఎప్పుడు వాడారన్న తేదీని పటం మీదే పిన్ను పక్కన చూపిస్తే ఈ ఫిర్యాదులో ముప్పాతిక వంతు ఉండేది కాదు. తెరిచి ఉందో లేదో తెలియని చోటుకు బూడిద రంగు వేసినా సరిపోయేది. ఖాళీ చేసే చోటు దొరకని మనిషి వాననీటి కాలువ వైపు చూసే ప్రమాదం ఉంది. ఆ కాలువల నీళ్లు చాలాచోట్ల ఏ శుద్ధీ లేకుండా నేరుగా నదిలోకి పోతాయి, అందులో పోయడం నేరం కూడా.

వాషింగ్టన్ రాష్ట్రంలో తిరిగేటప్పుడు నాకు ఈ యాప్ అవసరం అంతగా లేదు. ఇక్కడ ఆర్వీ (ట్రెయిలరు లాంటి, లోపల ఉండే వీలున్న బండి) రిజిస్ట్రేషన్‌తో పాటు 3 డాలర్లు ఈ సదుపాయం కోసమే వసూలు చేస్తారు, ఆ డబ్బుతో హైవేల పక్కన కొన్ని రెస్ట్ ఏరియాలలో డంప్ స్టేషన్లు నడుపుతారు. ఐ-90 మీద ఎలెన్స్‌బర్గ్ చేరకముందు వచ్చే ఇండియన్ జాన్ హిల్, ఐ-5 మీద స్మోకీ పాయింట్ మేము తరచుగా ఆగేవి. రవాణా శాఖ వెబ్‌సైటులో ఏ రెస్ట్ ఏరియాలో ఏమున్నదో ఉంటుంది, బయలుదేరేముందు అది చూస్తే చాలు. రాష్ట్రం దాటాక మాత్రం నా పద్ధతి మారింది. వారంలో పనిదినమైతే, చేరబోయే ఊరిలో నీళ్లు, మురుగు పనులు చూసే పబ్లిక్ వర్క్స్ ఆఫీసుకు ముందే ఫోన్ చేస్తాను. మురుగునీటి కేంద్రం దగ్గర ట్రెయిలర్లకు వీలుందా, నీళ్లు కట్టేశారా అని అడిగితే రెండు నిమిషాలలో జవాబు వస్తుంది. చిన్న నగరం కావడంలోని సుఖం అదే, ఫోనెత్తేవాడికి కుళాయి సంగతి తెలిసే ఉంటుంది. శని, ఆదివారాలలో ఈ కిటుకు పనిచేయదు.

ఇంతకూ ఈ యాప్ కొనమంటానా అంటే, అది మీరు ఎప్పుడు తిరుగుతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. బడి సెలవులలో, జూన్ నుంచి ఆగస్టు దాకా తిరిగేవాళ్లకు ఇందులో లోపం కనబడకపోవచ్చు, ఫొటోల కోసమైనా పెట్టిన డబ్బు దండగ కాదు. ప్రతి రాత్రీ పూర్తి హుకప్, అంటే కరెంటు, నీళ్లు, సీవర్ కనెక్షన్లు మూడూ ఉన్న క్యాంప్‌గ్రౌండులోనే దిగేవాళ్లకు అసలు దీనితో పని లేదు. పెద్దవాళ్లను వెంటబెట్టుకొని, నీళ్లు ధారాళంగా వాడుకుంటూ, వసంతంలోనో శరదృతువులోనో కొండ ప్రాంతాలకు వెళ్లే మాలాంటివాళ్లు మాత్రం దీన్ని ఊరి పేరు చెప్పే పుస్తకంగా చూడాలే గాని, తలుపు తెరిచి ఉందని చెప్పే మనిషిగా చూడకూడదు. నేను ఏడాది చందా మానేసి నెలవారీకి మారాను. మే నెలలో మొదలుపెట్టి సెప్టెంబరు చివర ఆపేస్తున్నాను. వచ్చే మార్చిలో అత్తమామలు వస్తున్నారు, గ్రాండ్ క్యాన్యన్ చూడాలంటున్నారు. ఆ నెలకు కట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.