పంటు మీద దొరికిన మనిషి: నరసాపురం కథల క్లాసు గురించి

గత నెల రెండో శని, ఆదివారాల్లో నరసాపురంలో కథలు రాసేవాళ్ల కోసం పెట్టిన క్లాసుకి వెళ్లొచ్చాను. ఫీజు 1,200 రూపాయలు. మధ్యాహ్నం భోజనం, రెండు పూటలా టీ అందులోనే. మొత్తం 14 మందిమి. విషయం ఒక్కటే, పాత్రలు. ముగింపు ఎలా ఉండాలి, పత్రికలకి ఎలా పంపాలి లాంటివి ఉండవని ముందే చెప్పారు. నాకు కావలసిందీ అదే.

నేను పాలకొల్లులో రొయ్యల మేత అమ్మే షాపులో లెక్కలు రాస్తాను. ఎనిమిదేళ్ల నుంచి కథలు రాస్తున్నాను, అచ్చయినవి ఆరు. తిరిగొచ్చిన వాటి గురించి చాలాసార్లు విన్న మాట ఒకటే: "సంఘటన బాగుందమ్మా, మనుషులే కళ్లకి ఆనడం లేదు." ఆ మాట పట్టుకునే వెళ్లాను.

మొదటి రోజు పొద్దున గంటన్నర మాత్రం నాకు నచ్చలేదు. 60 ప్రశ్నలున్న జిరాక్స్ కాగితాలు చేతికిచ్చి, మీ పాత్ర గురించి నింపమన్నారు. ఇష్టమైన రంగు, ఇష్టమైన కూర, పుట్టిన నక్షత్రం, భయపడే జంతువు. అన్నీ నింపాను. మా కథలో ఆవిడకి ఆకుపచ్చ ఇష్టమని రాశాను. నీలం అని రాసినా కథలో ఒక్క అక్షరం మారదు. చాలామంది కొత్తవాళ్లు ఇలాంటి కాగితం నిండగానే పాత్ర తయారైపోయిందనుకుంటారు. నేనూ అలా రెండు నోటుబుక్కులు నింపినదాన్నే కాబట్టి గట్టిగా చెబుతున్నాను, ఆ కాగితం తీసెయ్యాలి.

టీ తర్వాత మాస్టారు వచ్చారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయినాయన. అక్కడి నుంచి క్లాసు రూపే మారిపోయింది. కథానాయకులు నాలుగు రకాలని మన అలంకార శాస్త్రాల్లో ఉంది కదా, ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని. అక్కడ మొదలుపెట్టి, "ఇవి గదులు. మనిషి ఏ గదిలో ఉన్నాడో చెబుతాయి. ఆ గదిలోకి ఎలా వచ్చి పడ్డాడో మీరు చెప్పాలి" అన్నారు. రష్యాలో నటులకి పాఠం చెప్పిన స్తానిస్లావ్‌స్కీ, పాత్ర ఏ పరిస్థితుల్లో ఉందో తెలియకుండా నటుడు అడుగు వెయ్యకూడదనేవాడట. ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగాక అన్నది ముందు తెలియాలి. నాటకాలు రాయడం నేర్పిన లాజోస్ ఎగ్రీ అనే ఆయన, మనిషికి శరీరం, సమాజం, మనసు అని మూడు వైపులున్నాయన్నాడు.

ఇదంతా యూట్యూబ్‌లోనూ దొరుకుతుంది. తర్వాత ఆయన చెప్పింది మాత్రం నేనెక్కడా వినలేదు. "ఇక్కడ లేసు అల్లే ఆడవాళ్లున్నారు కదా. దారం ఒరుసుకుని ఒరుసుకుని వేలి మీద గీత పడుతుంది. అది శరీరం. ముక్కకి ఇంత అని ఏజెంటు లెక్కగట్టి ఇచ్చే కూలి సమాజం. ఆ లేసు ఓడెక్కి పోయి ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుస్తారో ఆవిడ ఎన్నడూ చూడదు. దాని గురించి రాత్రి పడుకుని ఏమనుకుంటుందో, అది మనసు." మా అమ్మమ్మ చూపుడు వేలు గుర్తొచ్చింది నాకు. అన్నేళ్లు పక్కనుండి కూడా ఆ మూడో ప్రశ్న ఆవిణ్ని అడగలేదు.

పేర్ల మీద అరగంట చెప్పారు, బాగుంది. నరసింహస్వామి గుడి ఉన్న అంతర్వేది చుట్టుపక్కల అరవయ్యేళ్ల మనిషికి నరసమ్మ, నరసింహమూర్తి లాంటి పేరు పెడితే, ఆ ఇంట్లోవాళ్లు ఏ దేవుడికి దణ్ణం పెట్టారో ఇంకో వాక్యం రాయక్కర్లేదు.

ఇక అసలు సంగతి రెండో రోజు పొద్దుట. మమ్మల్నందరినీ మాధవాయిపాలెం రేవుకి తీసుకెళ్లి, గోదారి అవతల సఖినేటిపల్లి వెళ్లే పంటు, అంటే మనుషుల్నీ బైకుల్నీ దాటించే పెద్ద పడవ, ఎక్కించారు. ఫోన్లు తియ్యకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. ఒక్క మనిషిని ఎంచుకుని చేతులూ, సంచీ, నిలబడిన తీరూ చూడాలి, అంతే.

నేను చూసినావిడకి యాభై దాటి ఉంటాయి. చేతిలో మూడు గిన్నెల స్టీలు క్యారియరు. దాన్ని పాత లుంగీ గుడ్డలో పెట్టి, ముడి మీద ముడి వేసింది. గోదారి అద్దంలా ఉంది, పంటు కుదపడం లేదు, అయినా రెండో చేత్తో ఇనప కమ్మీ పట్టుకునే ఉంది. అవతలి రేవు రాగానే బైకులు బయల్దేరాయి, జనం దిగిపోయారు. ఆవిడ కదల్లేదు. నేనలా చూస్తుంటే, "ఏటమ్మా, దిగవా?" అని నన్నే అడిగి, తర్వాత మెల్లగా దిగింది.

వెనక్కొచ్చాక మాస్టారు అడిగారు, "ఆవిడ ఆఖర్న ఎందుకు దిగింది? మూడు కారణాలు రాయమ్మా. మొదటిది అందరికీ తట్టేది. రెండోది సినిమాల్లో చూసింది. ఆ రెండూ కొట్టేసి మూడోది నాకివ్వు." నా మొదటిది మోకాళ్ల నొప్పులు. రెండోది, రేవులో అప్పులవాడు నిలబడి ఉన్నాడని. మూడోదానికి ముప్పావుగంట పట్టింది. ఆవిడకి ఆ ఒడ్డున దిగే ధైర్యం లేదు, చాలాసార్లు రేవు దాకా వచ్చి అదే పంటులో తిరిగి వెళ్లిపోయింది.

"ఎందుకు?" అన్నారు. ఇక వదల్లేదు. చెప్పిన ప్రతి జవాబుకీ మళ్లీ "ఎందుకు", దాని పక్కన సంవత్సరం. అలా తవ్వితే వచ్చింది ఇది. 1996 నవంబరు తుపానుకి వాళ్ల కొబ్బరి చెట్లు పడిపోయాయి. మళ్లీ మొక్క వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. అప్పు మాత్రం అన్నాళ్లు ఆగదు. 1998లో మూడేళ్ల కూతుర్ని సఖినేటిపల్లిలో అక్క దగ్గర వదిలి, ఇంటిపనికి కువైట్ వెళ్లింది. 2009లో తిరిగొచ్చేసరికి పిల్లకి పద్నాలుగు. ఆ పిల్ల పెద్దమ్మని అమ్మా అని పిలుస్తోంది, ఈవిణ్ని పిన్నీ అంటోంది. ఇప్పుడా కూతురికే పిల్లలు. క్యారియర్‌లో బొమ్మిడాయిల పులుసు.

ఆ నిజం మనిషి కథ ఇది కాదు, ఆవిడెవరో నాకు తెలియదు. నా పాత్ర కథ. కానీ రాసి చూసుకుంటే ప్రతి ముక్కా ముందు ముక్కలోంచే వచ్చింది. తుపాను లేకపోతే అప్పు లేదు, అప్పు లేకపోతే కువైట్ లేదు. పుట్టిన ఏడు, పెళ్లయిన ఏడు, పిల్ల వయసు ఇవి లెక్క కుదరకపోతే మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టేవారు. లెక్కలు రాసేదాన్ని, ఆ సుఖం నాకు బాగా తెలుసు.

ఆ తర్వాత చేయించిన పని కష్టంగా అనిపించింది. ఐదు పేజీలు రాసిన ఆ గతమంతా కొట్టేసి, అందులో ఒక్కటే కథలోకి తీసుకోమన్నారు. నేను క్యారియరు గుడ్డకి వేసిన ఆ ముడి మీద ముడి ఒక్కటే ఉంచుకున్నాను. తెలిసి రాయకపోవడం వేరు, తెలియక రాయకపోవడం వేరు అని ఆయన అన్న మాట నా పుస్తకం అట్ట లోపల రాసుకున్నాను.

లోపాలు చెప్పాలి. చెడ్డ పాత్రల గురించి రెండు గంటలని చెప్పి, ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాల్లో ముగించేశారు. మనకి ఇష్టం లేని మనిషికి గతం కట్టడమే అన్నిటికంటే కష్టం, అక్కడే ఎక్కువ టైం కావాలి. మనం ఇచ్చిన కథ చదివి వారంలో అభిప్రాయం పంపుతామన్నారు, నాకు 25 రోజులకి వచ్చింది. ఆ ఆలస్యానికి చాలా టెన్షన్ పడ్డాను. వచ్చిన ఉత్తరం మాత్రం మూడు పేజీలు, నా కథలో ప్రతి మనిషినీ పేరుపెట్టి అడిగింది.

కనీసం రెండు మూడు కథలు రాసి, ఎక్కడో ఆగిపోయినవాళ్లు వెళ్లండి. అసలు మొదలే పెట్టనివాళ్లకి ఇప్పుడే వద్దు. భోజనంలో గుత్తొంకాయ కూర చాలా బాగుంది. పంటు మీద ఎండ బాగా తగులుతుంది, గొడుగు తీసుకెళ్లండి. ఒక్కరే కూర్చుని రాసుకోవాలంటే భోజనాల తర్వాత హాలు వెనక వరండా ఖాళీగా ఉంటుంది, అక్కడి నుంచి కొబ్బరాకుల సందుల్లో గోదారి కనిపిస్తుంది.